బొక్కింగ్ అనే మాటకూ మేకపోతుకూ ఉన్న చుట్టరికం

పదకోశ కార్యాలయం,
డెవెంటర్,
3 డిసెంబరు 1956

హార్డర్‌వైక్ వాస్తవ్యులు శ్రీమతి బార్తా టిమ్మర్ గారికి,

అమ్మా, మీరు నన్ను ఎరుగరు. నేను మాత్రం మిమ్మల్ని వర్తకుల పట్టికలో 'టిమ్మర్ గారి వితంతువు, పొగచేపలు, చేపల సంత వీధి' అనే ఒక్క పంక్తిగా ఎరుగుదును. మన భాషలోని మాటలన్నిటికీ అర్థమూ, పుట్టుకా చెప్పే పెద్ద కోశం ఒకటి మా కార్యాలయంలో తయారవుతోంది. ప్రస్తుతం 'బి' అక్షరంలో ఉన్నాం. మీరు రోజూ చేత్తో పట్టుకునే 'బొక్కింగ్' ఇప్పుడు నా బల్ల మీద ఉంది. చేప కాదు, మాట.

అర్థంలో పేచీ లేదు. ఉప్పులో ఊరి, పొగలో మాగిన హెర్రింగ్ చేపను బొక్కింగ్ అంటాం. చిక్కల్లా పుట్టుక దగ్గరే. 'బొక్' అంటే మేకపోతు గదా. పొగబెట్టిన ఈ చేప మేకపోతులాగా కంపు కొడుతుంది గనక పూర్వులు ఆ పేరు పెట్టారని చాలామంది పండితుల అభిప్రాయం. అయితే పండితులు చేపలూ పట్టరు, మేకలూ కాయరు. అందుచేత మీలాంటివారినే అడగాలనిపించింది. ఈ పోలిక న్యాయమైనదేనా? మీ పొగగదిలో నిలబడినప్పుడు మీకు మేకపోతు గుర్తుకొస్తుందా? వస్తే ఏ మేరకు? మొహమాటపడకుండా రాయగలరు.

మీకు శ్రమ ఇస్తున్నందుకు మా ఊరి తేనె రొట్టె ఒకటి ఈ పొట్లంలో ఉంచాను.

భవదీయుడు,
డా. ఎవర్ట్ ఓస్టింగా,
ఉపసంపాదకుడు (బి)

తా.క. జవాబు కాస్త త్వరగా పంపితే మేలు. మా ప్రధాన సంపాదకులు గారు అప్పుడే 'బోట్' అనే మాట దాకా వెళ్లి, అక్కడ కూర్చుని మా కోసం ఎదురుచూస్తున్నారు.


హార్డర్‌వైక్,
6 డిసెంబరు

డాక్టర్ ఓస్టింగా అనే మారువేషంలో ఉన్న మా పక్క పొగగది హార్మెన్ దెక్కర్‌కు బార్తా రాసేది ఏమంటే,

నిన్న చీకటి పడుతుంటే ఎవరో తలుపు దబదబా బాది, నేను చేతులు తుడుచుకుని వచ్చేలోగా మాయమైపోయారు. గడప మీద పొట్లం. సింటర్‌క్లాస్ పండుగ సాయంత్రం గడప మీద పొట్లం కనబడితే అందులో తినడానికి ఒక తీపీ, ఏడిపించడానికి ఒక వెక్కిరింపూ ఉంటాయని, పంపినవాడు పేరు మార్చుకుని నక్కి ఉంటాడని మన ఊళ్లో పాలు మరచిన ప్రతి పిల్లకూ తెలుసు. ఎవరిని మోసం చేద్దామని, హార్మెన్?

పొట్లం మీద ఇంత లావున 'బి' అని కొట్టించావు. బార్తా అనే పేరు నాకు కాక వీధిలో ఇంకెవరికుంది? పోస్టు ముద్ర డెవెంటర్‌ది. మీ అక్క కోబా ఉండేది డెవెంటర్‌లో. మీ బావగారు బడిపంతులు. 'భవదీయుడు' లాంటి మాటలు ఆయన సంచిలోవే, నీ సంచిలోవి కావు. టైపు మిషను కూడా ఆయనదే అయ్యుంటుంది. నీ కోడికెలుకుళ్లు దాచిపెట్టడానికి మంచి ఉపాయమే వేశావు.

సరే, వెక్కిరించావు. మా ఆయన బతికుండగా ఆయన అమ్మ కూడా నా చేపను మేకపోతుతో పోల్చలేదు. అయినా నాకు కోపం రాలేదు. ఎందుకు రాలేదో నాకే అర్థం కావడం లేదు. పొద్దుటి నుంచి ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. ఈ ఉత్తరం మొదలుపెట్టి లేస్తున్నాను, కూర్చుంటున్నాను, నిప్పు చూసొస్తున్నాను. మీ ఆవిడ పోయి నాలుగేళ్లు, మా ఆయన పోయి ఆరేళ్లు. ఈ మూడేళ్లుగా నా గంపలు మోశావు, తలుపు బిగించావు, ఓక్ చెక్కపొట్టు నిండుకుంటే అడగకుండానే తెచ్చి పోశావు. నోరు మాత్రం తెరిచిన పాపాన పోలేదు. తెరవక తెరవక ఇప్పుడు తెరిచి మేకపోతు అన్నావు. ఏదో ఒకటి, అన్నావు గదా.

ఉత్తరం పైన వేసిన చిరునామాకే ఈ జవాబు పంపుతున్నాను, అది మీ అక్క ఇల్లే అయ్యుంటుంది. ఆట అన్నాక ఆటలాగే ఆడాలి.

నీ పక్క పొగగది,
బార్తా

తా.క. నా చేప మేకపోతు కంపు కొడితే నీ పొగ తడిసిన కుక్క కంపు కొడుతుంది. తూర్పుగాలి వీచినప్పుడల్లా నా దుప్పట్లను అడుగు.


పదకోశ కార్యాలయం,
డెవెంటర్,
11 డిసెంబరు

గౌరవనీయురాలైన శ్రీమతి టిమ్మర్ గారికి,

మీ జవాబు అందింది. మూడుసార్లు చదివాను. మొదట ఒక పొరపాటు దిద్దాలి. నేను హార్మెన్ దెక్కర్‌ను కాను. ఆయనెవరో నాకు తెలియదు. నాకు కోబా అనే అక్కగానీ, బడిపంతులైన బావగారు గానీ లేరు. నేను గ్రోనింగెన్‌లో పుట్టాను, వయసు నలభై ఏడు, అవివాహితుడను. నమ్మకం కలిగించడానికి ఈసారి కార్యాలయపు ముద్ర కూడా వేయించాను.

మూడేళ్లుగా నోరు తెరవలేదని మీరు రాసినది చదివి సిగ్గుపడ్డాను. మీరన్నది నిజం. 'బి' అక్షరం మొదలుపెట్టినప్పుడే మీకు రాసి ఉండవలసింది. దయచేసి దీన్ని నిర్లక్ష్యంగా భావించవద్దు. మా దగ్గర అన్నీ ఇంతే. నేను 'ఎ'లో చేరినప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది.

తూర్పుగాలికీ వాసనకూ ఉన్న సంబంధం గురించి మీరు రాసినది చాలా విలువైనది. ఇంతవరకూ ఏ పండితుడూ గాలిని లెక్కలోకి తీసుకోలేదు. దెక్కర్ గారు కూడా ఈ విషయంలో ప్రవీణులని మీ ఉత్తరాన్నిబట్టి తోస్తోంది. వీలైతే ఆయనకు నన్ను పరిచయం చేయండి.

సదా మీ మేలు కోరే,
ఎవర్ట్ ఓస్టింగా

తా.క. 'బొక్కింగ్' అంటే చీవాట్లు అనే రెండో అర్థం కూడా ఉంది. దానికి ఉదాహరణ దొరక్క ఏడాదిగా వెతుకుతున్నాను. మీ ఉత్తరం వచ్చాక వెతకడం మానేశాను.


హార్డర్‌వైక్,
14 డిసెంబరు

పండిత హార్మెన్ గారికి,

ముద్ర చూసి నవ్వు ఆపుకోలేక పొగగదిలోకి పారిపోయాను. బంగాళాదుంప కోసి చెక్కావా, ముల్లంగా? అంచు దగ్గర ఒత్తు సరిగ్గా పడలేదు, వచ్చేసారి కొంచెం గట్టిగా నొక్కు.

నిన్న పంపు దగ్గర నువ్వు కనబడగానే 'తేనె రొట్టె బాగుంది, సింటర్‌క్లాస్‌కు నా దండాలు చెప్పు' అన్నాను. నువ్వేమన్నావు? 'ఏ రొట్టె? నేనేం పంపలేదు' అన్నావు. చెవులు మాత్రం ఉడికించిన రొయ్యల్లా ఎర్రబడ్డాయి. పంపినవాడు కాక ఇంకెవడు 'నేను కాదు' అంటాడు? పంపనివాడైతే 'ఎంత రొట్టె, ఎవరు పంపారు, నాకో ముక్క పెట్టు' అంటాడు. మా అమ్మ బతికినంత కాలం ఈ పండుగకు నాకు మేజోళ్లు అల్లి పంపేది. చచ్చేదాకా 'నాకేం తెలుసే' అనే అంది. కాదన్నకొద్దీ అవునని అర్థం, ఈ ఒక్క విషయంలో. కనక కాదంటూనే ఉండు, నాకేం అభ్యంతరం లేదు.

నలభై ఏడేళ్లు, అవివాహితుడు అని రాశావు. నీకు యాభై రెండని చర్చి పుస్తకంలో ఉంది. అయిదేళ్లు తగ్గించుకున్నా నేనేమీ అనను. అవివాహితుడు అని గుర్తుచేసినందుకు మాత్రం సంతోషం.

ఇక ఆటలో కాస్త పక్కకు వచ్చి నిజం ఒకటి చెబుతాను. జ్వోలెలో మా తమ్ముడు రీన్ నన్ను వచ్చి తన ఇల్లు చూసుకొమ్మంటున్నాడు. పొగగది మూసేయమంటాడు. సముద్రానికి గట్టు కట్టాక చేప లారీలో రావడం మొదలైంది, లారీలో వచ్చే చేపకు ఒంటి ఆడదానివి ఎందుకు కాపలా అంటాడు. కొత్త సంవత్సరంలోగా ఏ సంగతో చెప్పాలి. చెప్పలేకపోతున్నాను. పడుకుంటే నిద్ర రాదు, లేస్తే పని తోచదు. చువ్వలకు చేపలు గుచ్చుతూ గుచ్చుతూ ఆగిపోయి మీ గోడవైపు చూస్తున్నాను. ఈ వయసులో ఇదేం తిప్పలు చెప్పు. ఇంట్లో రెండో కుర్చీ ఖాళీగానే ఉంది. ఇంకా ఎన్నాళ్లు చేస్తావు ఈ నాన్చుడు?

మేకపోతు సంగతి అడిగావు గదా. నాకు గుర్తొచ్చేది మేకపోతు కాదు, మేకపోతు గాంభీర్యం. అది ఎవరిదో నీకే తెలుసు.

ఎదురుచూసే
బార్తా

తా.క. పంపు దగ్గర బిందె వదిలేసి వెళ్లిపోయావు. అదీ 'నాది కాదు' అంటావా?


పదకోశ కార్యాలయం,
డెవెంటర్,
18 డిసెంబరు

గౌరవనీయురాలైన శ్రీమతి టిమ్మర్ గారికి,

మీ ఉత్తరంలో నాకు అర్థం కాని భాగాలు అర్థమైన భాగాల కంటే ఎక్కువ. మా ప్రధాన సంపాదకులకు చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, 'ఈమె ప్రాంతీయ మాండలికంలో ఏదో చెబుతోంది, నువ్వు స్వయంగా వెళ్లడం మంచిది' అన్నారు.

ముద్ర మసకగా పడినందుకు క్షమించాలి. అది బంగాళాదుంపతో చేసినది కాదు, రబ్బరుది. చర్చి పుస్తకంలో నా వయసు యాభై రెండని ఎలా పడిందో విచారిస్తాను. మా నాన్నగారు పిల్లల సంగతి పెద్దగా పట్టించుకునే మనిషి కాదు.

ఎన్నాళ్లీ నాన్చుడు అని మీరు సూటిగా అడిగారు గనక సూటిగానే చెబుతాను. 'బి' వసంతానికల్లా పూర్తి చేస్తాం. 'సి' చిన్నది. 'కె' దగ్గరికి వచ్చేసరికి నేను ఉంటానో ఉండనో. జ్వోలె వెళ్లే విషయంలో మాత్రం తొందరపడవద్దని నా మనవి. ఈ మాట తేలేదాకానైనా మీ పొగగది తెరిచి ఉండడం భాషకు చాలా అవసరం.

కుర్చీ ఖాళీగా ఉందన్నారు. మీ ఆదరణకు కృతజ్ఞుణ్ణి. నాకు నిలబడి పనిచేయడం అలవాటే.

మరొక మనవి. 'నా చేప మేకపోతు కంపు కొడితే నీ పొగ తడిసిన కుక్క కంపు కొడుతుంది' అన్న మీ వాక్యం మా కోశంలో ఉదాహరణగా వేయడానికి అనుమతి కోరుతున్నాను. కింద మీ పేరు ఉంటుంది. ఆ పక్కనే పదిహేడవ శతాబ్దపు ఒక మతబోధకుడి వాక్యం వస్తుంది. ఆయన ఏమీ అనుకోడు.

మీ జవాబు కోసం వేచివుండే,
ఎవర్ట్ ఓస్టింగా

తా.క. దెక్కర్ గారి బిందె సంగతి నాకేమీ తెలియదు. నిజంగానే నాది కాదు.


హార్డర్‌వైక్,
20 డిసెంబరు

హార్మెన్,

'జ్వోలె వెళ్లే విషయంలో తొందరపడవద్దు' అన్న ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మిగతాదంతా మీ బావగారి గొడవ. ఆ ఒక్క ముక్క నీది. అది నాకు తెలుస్తుంది.

ఆదివారం చర్చి మెట్ల మీద నలుగురిలో 'ముద్ర ఉన్న ఉత్తరం అందింది' అని నీ చెవిలో అన్నాను. 'బార్తా, ఒట్టు, నేను రాయలేదు' అన్నావు. మంగళవారం రేవులో ఐస్ పెట్టెల దగ్గర మళ్లీ అన్నాను. 'నాకు ఉత్తరాలు రాయడం రాదు, నీకు తెలీదా' అన్నావు. అని, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నావు. సరే, మూడుసార్లు కాదన్న మనిషిని నేను ఒక్కడినే ఎరుగుదును, గురువును ఎరగనన్న ఆ శిష్యుడు బైబిల్లో ఉన్నాడు. ఆయన తర్వాత ఏడ్చాడు. నువ్వు ఏడవనక్కర్లేదు.

నిన్న మాత్రం ఒక మాట గమనించాను. గోడమీంచి 'డాక్టరు గారూ, నిప్పు ఎలా ఉంది' అని పిలిస్తే నువ్వు కాదనలేదు. ఊరికే నవ్వావు. నువ్వు నవ్వితే ఇలా ఉంటావని నేను ఇన్నేళ్లలో చూడలేదు.

ఇక చాలు. నాకు ఓపిక లేదు. అటో ఇటో తేలకపోతే కొత్త సంవత్సరం నాడు రీన్ లారీ తెస్తాడు, నేను ఎక్కి కూర్చుంటాను. క్రిస్మస్ రెండో రోజు, పదకొండింటికి, కాఫీ పెడతాను. డాక్టరు వేషంలో వస్తావో, హార్మెన్‌గానే వస్తావో నీ ఇష్టం. వచ్చి, ఆ రెండో కుర్చీలో కూర్చుని, చెప్పవలసినది నోటితో చెప్పు. పెద్ద మాటలేం వద్దు. నేను అర్థం చేసుకుంటాను.

బార్తా

తా.క. ఆ కుక్క కంపు వాక్యం ఎక్కడ వేసుకుంటావో వేసుకో. మతబోధకుడి పక్కనైతే మరీ మంచిది, మా అత్తగారు చదవాలి.


పదకోశ కార్యాలయం,
డెవెంటర్,
22 డిసెంబరు

గౌరవనీయురాలైన శ్రీమతి టిమ్మర్ గారికి,

మీ ఆహ్వానానికీ, అనుమతికీ కృతజ్ఞతలు. 26వ తేదీ పదకొండింటికి తప్పక వస్తాను. 'చెప్పవలసినది నోటితో చెప్పు' అన్నారు. అలాగే, కాగితాలేవీ తేను.

అయితే పోలిక అన్నప్పుడు రెండు వస్తువులూ ఎదురుగా ఉండాలి. మా పినతండ్రి కొడుక్కి పశువుల దొడ్డి ఉంది. అక్కడ మంచి వయసులో ఉన్న మేకపోతు ఒకటి ఉంది. మేకను రైల్లో తీసుకురావడం కష్టం గనక, దాని మెడను ఉన్ని గుడ్డతో బాగా రుద్ది, ఆ గుడ్డను మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో పెట్టి తెస్తున్నాను. మీ చేపనూ, నా సీసానూ పక్కపక్కన పెట్టి ఇద్దరం వాసన చూద్దాం. ఆపైన నిర్ణయం మీదే.

మీ అతిథి,
ఎవర్ట్ ఓస్టింగా

తా.క. నన్ను గుర్తుపట్టడం తేలిక. పొడుగ్గా ఉంటాను, తెల్లగడ్డం ఉంటుంది.


హార్డర్‌వైక్,
29 డిసెంబరు

గౌరవనీయులైన డాక్టర్ ఓస్టింగా గారికి,

నమస్కారాలు. ముందు మీ గడ్డం గురించి. క్షమించండి. ఇంకా నొప్పిగా ఉంటే వెన్న రాయండి. తలుపు తీయగానే తెల్లగడ్డం కనబడేసరికి, హార్మెన్ ఎవరికో వేషం కట్టించి తన బదులు పంపించాడనుకున్నాను. పెట్టుడు గడ్డం ఊడివస్తుందని లాగాను. ఊడిరాలేదు. మీ కళ్లలో నీళ్లు చూశాక గానీ నాకు సంగతి తలకెక్కలేదు. మీరు నిజంగా ఉన్నారు. ముద్ర నిజంగా రబ్బరుదే. ఇన్ని రోజులూ నా మనసులో ఉన్నదంతా ఒక కార్యాలయానికి రాసి పంపాను.

ఆ తర్వాత కాఫీ పోస్తూ కప్పు పొంగిపొర్లినా ఆపనందుకు కూడా క్షమించండి. మీరు మంచివారు. ఏమీ అడగకుండా సాసరులోది తాగేశారు.

పని సంగతి. సీసా తెరిచాక ఇద్దరం వాసన చూశాం గదా. రెండూ ఒకటి కాదని మీరే ఒప్పుకున్నారు. మేకపోతుది మనిషిని వెనక్కి నెడుతుంది, చేపది ఆకలి పుట్టిస్తుంది. అయినా ఆ పేరు పెట్టినవాళ్ల కాలంలో పొగ ఎలా ఉండేదో, ఉప్పు ఎలా ఉండేదో, వాళ్ల ముక్కులెలాంటివో మనమెరగం. వాళ్లకు అలా తోచి ఉంటే ఇప్పుడు పోట్లాడి ప్రయోజనం లేదు. మేకపోతునే వేయండి. పక్కన 'ఈ పోలిక హార్డర్‌వైక్‌లో చెల్లదు' అని ఒక ముక్క వేస్తే చాలు.

కుక్క కంపు వాక్యం కింద నా పేరు మాత్రం అప్పుడే అచ్చు వేయించకండి. అచ్చుకు వెళ్లే ముందు ఒకసారి నన్ను అడగండి. పేరు మారవచ్చు.

మీ శ్రేయస్సు కోరే,
బార్తా టిమ్మర్

తా.క. ఇక్కడితో ఆపుదామనుకున్నాను గానీ నిలవలేకపోతున్నాను. ఇది ఎవరికైనా చెప్పాలి, నా ఉత్తరాలన్నీ చదివినవారు మీరొక్కరే.

మీ రైలు వెళ్లాక కుర్చీలో కూర్చుండిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. తమ్ముడికి 'లారీ తీసుకురా' అని రాద్దామని కాగితం తీశాను కూడా. అందులో ఒక్క అక్షరం పడలేదు. లేచి, కోటైనా వేసుకోకుండా, గోడ చుట్టూ తిరిగి హార్మెన్ పొగగదిలోకి వెళ్లాను. చేపల చువ్వలు తిప్పుతున్నాడు. నన్ను చూసి ఆపాడు.

"అయితే ఆ ఉత్తరాలు నువ్వు రాయలేదా?" అని అడిగాను.

"లేదు."

"మరి చెప్పవేం?"

"పంపు దగ్గర చెప్పాను. చర్చి దగ్గర చెప్పాను. రేవులో చెప్పాను. నువ్వు వింటేగా."

ఆయన తప్పేం లేదు. నేనే వినలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. పొగ సాకు ఉంది గనక ఏడ్చాను. వెళ్లిపోదామని వెనక్కి తిరిగాను, గడప దగ్గర ఆగాను. మొన్న గోడమీంచి పిలిస్తే ఎందుకు నవ్వావు, అప్పుడెందుకు కాదనలేదు అని అటు తిరిగే అడిగాను. చువ్వ కిందపెట్టిన చప్పుడు వినిపించింది.

"ఉత్తరాలు అందినప్పటి నుంచి నువ్వు నన్ను చూసే చూపు మారింది, బార్తా. మూడుసార్లు కాదన్నాను. నాలుగోసారి కాదనబుద్ధి కాలేదు."

హార్మెన్ నోట అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు. రెండో మాట కోసం అక్కడే ఒక పెట్టె మీద కూర్చున్నాను. ఆయన ఇంకో పెట్టె జరుపుకుని పక్కన కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా పొగబెట్టడంలో ఇద్దరిలో ఎవరి చేయీ తప్పింది లేదు. ఆ రోజు మాత్రం రెండు పొగగదుల్లోనూ చేపలు మాడిపోయాయి.